కాఫీ తోట ఆమెది, పట్టా ఎవరిది?



దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ బిట్టు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. అరకు కాఫీకి జీఐ ట్యాగ్ ఏ సంవత్సరంలో వచ్చింది? 2019. ఒక మార్కు. ఆ మార్కు మీకు రావాలి, కాదనను. కానీ ఆ బిట్టు వెనక నూట ఇరవై ఏళ్ల భూమి కొట్లాట ఉంది. గైడ్లలో అది రాయరు. పోయిన భాగంలో ఇనాం భూముల సంగతి మాట్లాడుకున్నాం కాబట్టి, అదే దారిలో ఇవాళ మన్యం కొండెక్కుదాం.

మన ఏరియాకు కాఫీతో పెద్దగా చుట్టరికం లేదు. మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా మెట్రో పిల్లర్ల కింద నడిచేది చాయ్ రాజ్యం. విశాఖ నుంచి రాత్రి బయల్దేరిన బస్సులు తెల్లారేసరికి దిగబెట్టేది మాత్రం ఎల్బీనగర్‌లోనే. అరకు వెళ్లొచ్చినవాళ్ల బ్యాగుల్లో ఓ కాఫీ పొడి ప్యాకెట్ తప్పకుండా ఉంటుంది. దాని మీద ముక్కుకు మూడు పోగులు, తలలో పువ్వు పెట్టుకున్న ఆదివాసీ స్త్రీ బొమ్మ ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ బొమ్మలోని మనిషి గురించే ఈ వ్యాసం.

ముందు తాగేవాళ్ల సంగతి. దక్షిణాదిలో కాఫీకి మొదటి నుంచీ కులం ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 'బ్రాహ్మణ కాఫీ హోటల్' అని దర్జాగా బోర్డు పెట్టుకునేవాళ్లు. లోపల బ్రాహ్మలకు వేరే గది, మిగతావాళ్లకు వేరే బల్లలు. మనకు ఆ గుమ్మం కూడా లేదు. రాజ్యాంగం వచ్చి ఏడేళ్లయ్యాక కూడా, 1957లో, మద్రాసు ట్రిప్లికేన్‌లో మురళీ కెఫే బోర్డు మీంచి 'బ్రాహ్మణ' అన్న మాట తీయించడానికి పెరియార్ నెలల తరబడి ఆందోళన నడపాల్సి వచ్చింది. మన ఊళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎంతకాలం నడిచిందో మీ ఇళ్లలో పెద్దవాళ్లను అడిగితే చెప్తారు. హోటల్ బయట చూరుకు వేలాడదీసిన మాల మాదిగల గ్లాసు, తాగి మనమే కడిగి పెట్టాల్సిన గ్లాసు.

ఇక పండించేవాళ్ల సంగతి అంతకంటే ఘోరం. ప్రపంచానికి కాఫీ తాగడం అలవాటు చేసిన బ్రెజిల్ తోటలు ఆఫ్రికా బానిసల వీపుల మీద లేచాయి. అక్కడ బానిసత్వం రద్దయింది 1888 మే 13న. మన దేశంలో కొడగు, చిక్కమగళూరు, వయనాడ్ కొండల్లో బ్రిటిష్ దొరలు ఎస్టేట్లు వేసినప్పుడు పనికి తెచ్చింది ఎవరిని? హొలెయలను, ఎరవలను, పణియలను, తమిళ దేశం నుంచి పరయలను. బానిసత్వాన్ని కోర్టులు గుర్తించవని 1843లోనే చట్టం వచ్చింది. దాని పని 1859 నాటి 13వ చట్టం చేసిపెట్టింది. అడ్వాన్సు తీసుకున్న కూలీ పని వదిలి వెళ్తే అది బాకీ తగాదా అవదు, నేరమవుతుంది, జైలు. పదో పాతికో అడ్వాన్సు చేతిలో పెడితే మనిషి ఎస్టేటుకు బందీ. భారతదేశపు కాఫీ చరిత్రలో దళితుడు, ఆదివాసీ కనిపించేది ఈ కూలీ లైన్లలోనే.

అందుకే అరకు కథ వేరు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాత విశాఖ ఏజెన్సీ 11 మండలాల్లో, రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉంది. అందులో చెప్పుకోదగ్గ ప్రైవేటు ఎస్టేటు లేదు. లక్షకు పైగా ఆదివాసీ కుటుంబాలు, ఒక్కొక్కరికి ఎకరం, రెండెకరాలు. కొడగులో కూలీ లైన్లు, ఇక్కడ సొంత తోటలు. ఎందుకిలా? నేల తేడానా? వాన తేడానా? ఎత్తు తేడా కొంత ఉంది, కొడగులో కూడా ఇంతే ఎత్తున్న తోటలున్నాయి. అసలు తేడా చట్టంలో ఉంది, ఆ చట్టాన్ని తెచ్చిన తిరుగుబాట్లలో ఉంది.

కాఫీ మొక్క తూర్పు కనుమల్లోకి 1898లో వచ్చింది. ఎన్.ఎస్. బ్రోడీ అనే బ్రిటిష్ అధికారి మారేడుమిల్లి దగ్గర పాములేరు లోయలో నాటించాడు. అక్కడి నుంచి పుల్లంగి, గూడెం, ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో అరకు, పాడేరు వైపు పాకింది. దొరలకు ఈ కొండల్లో కూడా ఎస్టేట్లు వేసుకోవాలని ఉండదా? ఉంటుంది. కానీ ఈ కొండ వాళ్లను కుదురుగా ఉండనివ్వలేదు. 1879లో కల్లు మీద పన్ను వేస్తే రంప భగ్గుమంది. ముఠాదార్లు, కొండరెడ్లు, కోయలు పోలీసు ఠాణాలు తగలబెట్టారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడును దొంగతనం లెక్కన చూడడం మొదలుపెట్టింది. మైదానం నుంచి షావుకార్లు ఉప్పు, గుడ్డ, అప్పు పట్టుకొచ్చి భూమి పట్టుకుపోయారు. ఇలాగే వదిలేస్తే ఇంకో తిరుగుబాటు తప్పదని సర్కారుకే భయం పట్టుకుని 1917లో ఏజెన్సీ భూబదలాయింపు చట్టం తెచ్చింది. కొండజాతి మనిషి భూమి ఏజెంటు అనుమతి లేకుండా మైదానం వాడికి పోకూడదు. అయినా అయిదేళ్లకే, గూడెం రోడ్డు పనికి వెట్టి చాకిరీ చేయించిన పాపానికి, 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద అల్లూరి, గాం గంటందొర, మల్లుదొరల దళం పడింది. సినిమాల్లో అల్లూరి ఒక్కడే కనిపిస్తాడు. ఆ దళానికి అన్నం వండి, కబురు మోసి, పట్టుబడి దెబ్బలు తిన్న ఆడవాళ్లకు మన చరిత్రలో పేర్లు లేవు.

స్వాతంత్ర్యం తర్వాత 1959లో రెగ్యులేషన్ వచ్చింది. శ్రీకాకుళం గిరిజన పోరాటం రగులుతుండగా 1970లో దాన్ని గట్టిగా బిగించారు. అదే మీరు పరీక్షకు చదివే వన్ ఆఫ్ సెవెంటీ. షెడ్యూల్డ్ ఏరియాలో భూమి ఆదివాసీదే అని మొదట అనుకోవాలి. కాదనేవాడు రుజువు చూపించుకోవాలి. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్ముకోకూడదు. 1997 జులైలో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తి' కిందే లెక్క, అక్కడి ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వకూడదంది. ఆ కేసు పుట్టింది అనంతగిరి మండలంలో, బొర్రా గుహల చుట్టుపక్కల. ఇవాళ అది కూడా కాఫీ మండలమే. ఈ చట్టాలు లేకపోతే అరకు ఇవాళ రెండో కొడగు. ఆ ప్యాకెట్ మీది మనిషి ఎస్టేటు కూలీ.

మొదట ప్రభుత్వమే ఎస్టేటు దొర అవతారం ఎత్తింది. 1960 నుంచి అటవీశాఖ రిజర్వు ఫారెస్టులో సుమారు 10,000 ఎకరాల్లో కాఫీ వేసింది. తర్వాత వాటిని అటవీ అభివృద్ధి సంస్థకు అప్పగించారు. ఆ తోటల్లో ఆదివాసీలు రోజు కూలీలు. నిన్నటి దాకా తాము పోడు కొట్టుకున్న కొండలోనే కూలీలు. రెండో దారి గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అంటాం, తెరిచింది. షావుకారు బారి నుంచి కాపాడాలని 1956లో పెట్టిన సంస్థ అది. 1970ల మధ్యలో ఆదివాసీ కుటుంబాల కోసం కాఫీ వేయించడం మొదలుపెట్టింది. 1985లో దీని కోసమే ప్లాంటేషన్ కార్పొరేషన్ పుట్టింది. పెంచిన తోటల్ని కుటుంబానికి రెండెకరాల చొప్పున ఇచ్చేశారు. 1997లో ఆ పని పాడేరు ఐటీడీఏ చేతికి వచ్చింది. తర్వాత ఉపాధి హామీ కూలి కూడా కాఫీ గుంటలు తవ్వడానికి తోడైంది.

ఇక్కడ ఒక పక్క మాట. ఆదివాసీ అనగానే అంతా ఒకటే అనుకోవద్దు. గూడెం కొండల్లో ముఠాదార్లు ఎక్కువగా భగతలు, కొండదొరలు. గదబలు, పోర్జలు, కోందులు కింద. వాల్మీకులు ఇంకా కింద. వీళ్లు కొండ మీద అంటరానివాళ్లుగా బతికిన పైడి, డొంబు కులాల వారసులు. రాజ్యాంగ జాబితాలో వాల్మీకులు ఏజెన్సీ పరిధిలోనే ఎస్టీలు. అంబేద్కర్‌ను చదివినవాడు కొండెక్కితే మొదట చూడాల్సింది ఊరి బావి దగ్గర ఎవరు ఎవరికి నీళ్లు పోస్తున్నారనేది. దీని మీద విడిగా రాస్తాను.

ధర కథ కూడా చరిత్రే. 1942 కాఫీ చట్టం ప్రకారం రైతు పండించిందంతా కాఫీ బోర్డుకే పోయాలి. బోర్డు అమ్మి, విడతలుగా డబ్బులిచ్చేది. 1989లో ప్రపంచ కాఫీ ఒప్పందంలో కోటాలు కూలిపోయాయి. 1996కల్లా ఇక్కడ కూడా బోర్డు గుత్తాధిపత్యం పోయింది. పెద్ద ప్లాంటర్లు పండగ చేసుకున్నారు. మంచు కొండ మీద రెండెకరాల తోట, దగ్గర్లో గోడౌన్ లేదు, ఫోను లేదు, పండు కోస్తే ఆ రోజే పట్టాలి. అలాంటి మనిషికి స్వేచ్ఛా మార్కెట్ అంటే మళ్లీ సంతలో షావుకారు తక్కెడే. 2001, 2002 నాటికి ప్రపంచ ధర పాతాళానికి పడింది. ఆ రోజుల్లో పండు కోయకుండా చెట్టు మీదే వదిలేస్తే, కోత కూలి మిగులుతుందని లెక్క వేసుకున్న తోటలు ప్రపంచమంతా ఉన్నాయి.

ఆ నేపథ్యంలోనే సహకార సంఘాలు వచ్చాయి. మన హైదరాబాద్ నుంచి నడిచే నాంది ఫౌండేషన్ అండతో 2007లో చిన్న, సన్నకారు గిరిజన రైతుల పరస్పర సహాయక సంఘం రిజిస్టరైంది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరుచుకుంది. 2019లో కాఫీ బోర్డు పెట్టిన దరఖాస్తు మీద జీఐ గుర్తింపు. 2023లో జీ20 అతిథులకు కానుక, 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో స్టాళ్లు. ఇవన్నీ మంచివే. రైతుకు ఎర్ర పండు విడిగా కోస్తే ఎక్కువ ధర వస్తుందని తెలిసింది, షావుకారుకు పోటీ వచ్చింది. నేను వీటిని తీసిపారేయను.

కానీ ఎర్ర పండు విడిగా కోయడం అంటే ఏంటో చూద్దాం. కాఫీ కాయలన్నీ ఒకేసారి పండవు. ఒకే కొమ్మ మీద ఆకుపచ్చవి, పసుపువి, ఎర్రవి కలిసి ఉంటాయి. నవంబరు నుంచి జనవరి, ఫిబ్రవరి దాకా అదే చెట్టు చుట్టూ మూడు నాలుగు సార్లు తిరగాలి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాలు మీద, పొద్దున మంచుకు తడిసిన ఆకుల్లో చెయ్యి పెట్టి, ఒక్కో పండు వేళ్లతో తుంచాలి. గుప్పెట్లో పట్టి కొమ్మ దూస్తే పచ్చివి కూడా రాలి నాణ్యత పోతుంది. నడుముకు బుట్ట, వీపున బిడ్డ. సాయంత్రం బస్తా నెత్తిన పెట్టుకుని ఊరికి దిగాలి. ఆ రాత్రే బేబీ పల్పర్ తిప్పి తొక్క తీయాలి, జిగురు పోవడానికి పులియబెట్టాలి, కడగాలి. ఆ నీళ్లు ఎవరు మోస్తారు? తర్వాత వారం పది రోజులు ఎండలో పలచగా పోసి, గంటకోసారి కలబెట్టి, సాయంత్రం పొగమంచు దిగేలోపు కప్పాలి. అప్పుడు అది పార్చ్‌మెంట్. కిలోకు మంచి ధర దీనికే. ఇంత చేయడానికి ఇంట్లో చేతులు లేకపోతే పండును పండులాగే ఎండబెట్టి చెర్రీగా తక్కువకు అమ్ముకోవాలి. దాదాపు ఆరు కిలోల పండు కోస్తే ఒక కిలో గింజ. నర్సరీ సంచుల్లో మట్టి నింపడం నుంచి కలుపు తీయడం దాకా ఏడాది పొడవునా ఉండే పని దీనికి అదనం. మగవాళ్లు చేయరని కాదు. నీడ చెట్లెక్కి కొమ్మలు నరకడం, మిరియాల తీగ కోయడం, బస్తాలు సంతకు పట్టుకెళ్లడం వాళ్ల పని. సంతకు పట్టుకెళ్లినవాడి చేతికే డబ్బు వస్తుంది.

ప్రపంచం మెచ్చిన ఆ నాణ్యత అంటే ఆడవాళ్ల వేళ్లూ, నిద్ర లేని రాత్రులే. మరి రికార్డులో రైతు ఎవరు?

1969లో ముఠాల రద్దు రెగ్యులేషన్ వచ్చాక రైత్వారీ పట్టాలు రాసేటప్పుడు కాగితం మీద 'ఇంటి పెద్ద' అన్న గడి ఉంది. ఆ గడిలో మగవాడి పేరు పడింది. అప్పు, సబ్సిడీ, మొక్కలు, నష్టపరిహారం, అన్నీ ఆ గడి వెనకాలే నడుస్తాయి. భర్త చనిపోతే? కొడుకులు లేకపోతే? ఇక్కడే ఒక చిక్కు ఉంది, లా చదివే చెల్లెళ్లు జాగ్రత్తగా వినాలి. 1956 హిందూ వారసత్వ చట్టంలో సెక్షన్ 2, సబ్‌సెక్షన్ 2 ఉంది. కేంద్రం నోటిఫై చేస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. కాబట్టి ఆదివాసీ ఆడబిడ్డకు ఆచారమే గతి. ఆచారం ఏమంటుందో చెప్పేది కులపెద్దలు. వాళ్లు మగవాళ్లు.

1996లో మధు కిష్వర్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు హో తెగ స్త్రీలు ఇదే ప్రశ్నతో వచ్చారు. కోర్టు ఆచారాన్ని కొట్టేయలేదు, భూమి మీద బతికే హక్కు వరకు కాపాడింది. 2022 డిసెంబరులో కమలా నేతి కేసులో చట్టం ప్రకారం వాటా ఇవ్వలేమంటూనే, దాన్ని మార్చే సంగతి ఆలోచించమని కేంద్రానికి చెప్పింది. 2025 జులైలో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో మాత్రం, ఆడవాళ్లకు వాటా లేదని చెప్పే ఆచారం ఎవరూ రుజువు చేయనప్పుడు సమానత్వమే వర్తిస్తుందని, ఆమె వారసులకు సమాన వాటా ఇచ్చింది. కోర్టులు ముప్పై ఏళ్లలో నడిచిన దూరం ఇది.

ఇప్పుడు మన ఇంటి వైపు చూసుకుందాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల మధ్యలోనే ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా చట్టమైంది, 2005లో దేశమంతా అయింది. దళిత స్త్రీకి ఆ చట్టం వర్తిస్తుంది. పంచుకోవడానికి భూమే లేదు. మన్యం స్త్రీకి పంచుకోవడానికి రెండెకరాల కాఫీ తోట ఉంది. చట్టం గుమ్మం బయటే ఆగిపోయింది. మనిద్దరం ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాల్సింది ఇక్కడుంది. కానీ ఎస్సీ, ఎస్టీ అని పక్కపక్కనే రాసుకోవడం తప్ప ఈ మాట మీద ఒక మీటింగు పెట్టుకున్న జ్ఞాపకం నాకు లేదు.

ఒక తలుపు మాత్రం తెరిచే ఉంది. అటవీ హక్కుల చట్టం, 2006. కాఫీ తోటల్లో చాలా భాగం పోడు భూమిలోనే ఉన్నాయి. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి హక్కు పత్రం ఇవ్వాలి. ఆ చట్టంలో సెక్షన్ 4, సబ్‌సెక్షన్ 4 స్పష్టంగా చెప్తుంది: పెళ్లయినవాళ్లయితే భార్యాభర్తలిద్దరి పేరు మీదా రాయాలి, ఒంటరి స్త్రీ నడిపే ఇల్లయితే ఆమె పేరు మీదే. అమ్మడానికి వీల్లేదు, వారసులకు వస్తుంది. దేశంలో ఇంత సూటిగా ఆడమనిషి పేరు రాయమన్న భూమి చట్టాలు తక్కువ. పెరూ కొండల్లో స్త్రీ కాఫీ రైతులు 2000ల మొదట్లో తమ పంటను మగవాళ్ల పంటతో కలపకుండా, తమ పేరుతో విడిగా అమ్ముకోవడం మొదలుపెట్టారు. మన దగ్గర అలా విడిగా అమ్ముకోవాలన్నా ముందు కావాల్సింది పాస్‌బుక్కు మీద పేరు.

పేరు లేనిచోట శరీరానికి కూడా రక్షణ ఉండదు. సంఘం రిజిస్టరైన 2007లోనే, ఆగస్టు 20న, జి.మాడుగుల మండలం వాకపల్లిలో 11 మంది కోందు స్త్రీలు తమ మీద పోలీసులు అత్యాచారం చేశారని చెప్పారు. పదహారేళ్లు నడిచింది ఆ కేసు. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగ్గా చేయలేదని తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. ఈ కొండల పేరు పారిస్ దాకా వెళ్లిన ఏళ్లూ, ఆ కేసు నడిచిన ఏళ్లూ ఒకటే.

ఆ ఏళ్లలోనే బాక్సైట్ గొడవ కూడా. 2015 నవంబరులో జీవో 97తో చింతపల్లి, జెర్రిల అడవిలో 1,212 హెక్టార్లు తవ్వకానికి ఇవ్వబోయారు. కాఫీకి నీడ కావాలి, ఊట కావాలి. కొండ నెత్తి గీకేస్తే రెండూ పోతాయి. ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి, 2019లో ఆ జీవో రద్దయింది. పట్టాలో పేరు లేని ఆడవాళ్లే ఆ కొండను నిలబెట్టినవాళ్లలో ఉన్నారు.

2025లో అరకు తోటల్లో కొత్త శత్రువు బయటపడింది. కాయతొలుచు పురుగు. ఆవగింజంత నల్ల పురుగు, కాయలో బొక్క పెట్టి గింజ తినేస్తుంది. సోకిన చోట కాయలన్నీ కోసి, వేడినీళ్లలో వేసి, పూడ్చిపెట్టడమే మందు. ఏడాది కష్టాన్ని అదే చేతులతో కోసి గుంటలో పూడ్చాలి. పరిహారం జాబితా రాసేటప్పుడు మళ్లీ అదే గడి, పట్టాదారు పేరు.

మీలో అరకు, పాడేరు, చింతపల్లి, జీకే వీధి వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టళ్లలో ఉంటూ చదువుకుంటున్నవాళ్లు ఉంటే ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేయండి. మీ అటవీ హక్కు పత్రం బయటకు తీయించి, దాని మీద ఎన్ని పేర్లున్నాయో, ఫోటో ఒకరిదా ఇద్దరిదా అడగండి. ఇద్దరివీ ఉంటే, డబ్బు పడే బ్యాంకు ఖాతా ఎవరిదో కూడా అడగండి. కామెంట్లో పేర్లు, ఊళ్లు రాయొద్దు, ఒకటా రెండా అన్నది చాలు. వచ్చే భాగం ఆ లెక్క మీదే రాస్తాను.